మూడు నిమిషాల దూరం

కిందటి చలికాలంలో ఒకనాటి ఉదయం నేనూ, మా అక్క కొడుకూ తాండూరులో రైలెక్కి వికారాబాదుకు బయలుదేరాము. కలెక్టరు కార్యాలయంలో ఒక భూమి కాగితం పని. ధారూరు దాటిన తరువాత ఆకాశంలో తెల్లని చార గీస్తూ ఒక విమానం పడమటి నుంచి తూర్పుకు పోతూ కనిపించింది. పదకొండేళ్ళ మావాడు కిటికీ ఊచలకు ముఖం ఆనించి దాన్ని కనుమరుగయ్యే దాకా చూసి, "మామా, గా విమానం మన తాండూరుల ఆగితే వికారాబాదుకు ఎంతసేపట్ల పోతది?" అని అడిగాడు.

మనసులో లెక్క వేశాను. పటం మీద ఈ రెండు ఊళ్ళ మధ్య తిన్నగా గీత గీస్తే సుమారు 36 కిలోమీటర్లు. పెద్ద జెట్టు విమానం గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుంటే మూడు నిమిషాల కన్న తక్కువే. "మూడు నిమిషాలు" అన్నాను. వాడు పకపకా నవ్వి, "అయితే ఎక్కుడెందుకు, దిగుడెందుకు!" అన్నాడు.

ఆ మాట నన్ను వదలలేదు. ఈ రెండు ఊళ్ళలో దేనికీ విమానాశ్రయం లేదు. లేని విమానానికి నేను చెప్పిన సమాధానం గణితం ప్రకారం సరైనదే గాని చరిత్ర ప్రకారం సరైనది కాదని ఇంటికి వచ్చిన తరువాత తోచింది. రెండు ఊళ్ళ మధ్య దూరం ఒక్కటే ఉండదు. నడిచేవాడికి ఒకటి, బండి తోలేవాడికి ఒకటి, రైలుకు ఒకటి, సర్కారు కాగితానికి మరొకటి ఉంటాయి. మా తాండూరు, వికారాబాదుల మధ్య ఉన్న ఇన్ని దూరాలనూ ఒకచోట చేర్చి చెప్పాలన్న కోరికతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా ఆ విమానం లెక్కను పూర్తి చేస్తాను. చిన్న ఊళ్ళకు నడిపే రెండు పంకాల విమానం గంటకు ఐదువందల కిలోమీటర్లకు అటూ ఇటుగా పోతుంది. దానికి ఈ దూరం నాలుగు నిమిషాల పైచిలుకు. వెనకటి డకోటా విమానానికైతే ఏడెనిమిది నిమిషాలు. కానీ ఏ విమానమూ నేల విడిచిన క్షణంలోనే ఆ వేగాన్ని అందుకోలేదు. పైకి ఎక్కాలి, తిరగాలి, దిగాలి, నేల మీద మెల్లగా పాకుతూ నిలిచే చోటికి రావాలి. అన్నీ కలిపితే మూడు నిమిషాలు కాస్తా ఇరవై, ఇరవై ఐదు నిమిషాలవుతాయి. దానికి ముందు గంటసేపు తనిఖీలు, నిరీక్షణ. ఊరి నుంచి విమానాశ్రయానికి, మళ్ళీ అక్కడి నుంచి ఊరికి వెళ్ళే వేళ. వెరసి రెండు గంటలు. ఈ రెండు గంటల మాట చదువరులు కాస్త గుర్తు పెట్టుకోవలసిందిగా కోరుతున్నాను. చివరలో దీనితో పని ఉన్నది.

ఇది ఊహ మాత్రమే కాదనడానికి పక్కనే సాక్ష్యం ఉంది. తాండూరుకు పడమరగా కలబురగి, ఉత్తరంగా బీదరు ఉన్నాయి. మా నాయనల కాలంలో కలబురగిని గుల్బర్గా అనేవారు. కలబురగి విమానాశ్రయం 2019 నవంబరులో ప్రారంభమైంది. 2020 ఫిబ్రవరిలో బీదరు వైమానిక దళ స్థావరం నుంచి పౌర విమానాలు మొదలయ్యాయి. చిన్న పట్టణాలను ఆకాశమార్గాన కలపాలని కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రకటించిన 'ఉడాన్' పథకం నాటి ఉత్సాహం అది. గంట ప్రయాణానికి 2,500 రూపాయలకు మించని టిక్కెట్టు దాని ప్రధానాకర్షణ. ఆ పథకం కింద తొలి విమానాలు 2017 ఏప్రిల్ 27న ఎగిరాయి; సిమ్లా-ఢిల్లీతో పాటు కడప-హైదరాబాదు, నాందేడు-హైదరాబాదు మార్గాలు కూడా ఆనాడే మొదలయ్యాయి. బీదరు, కలబురగి విమానాశ్రయాల మధ్య గాలిలో దూరం తొంభై కిలోమీటర్ల లోపే. అయినా రెండు చోట్లా తొలి విమానం బెంగుళూరుకే గాని ఒకదాని నుంచి మరొకదానికి కాదు. మారుమూల ఊరికి విమానం వచ్చిందంటే అది పక్క ఊరికి దగ్గరైనట్టు కాదు, రాజధానికి దగ్గరైనట్టు. ఈ వింత కొత్తదేమీ కాదు. రైలు వచ్చినప్పుడు కూడా ఇదే జరిగింది.

రైలు సంగతికి ముందు ఆ తిన్నని గీత సంగతి చెప్పాలి. పక్షి ఎగిరే దూరాన్ని మనిషి నేల మీద నిలబడి కొలవడం ఎలా సాధ్యమైంది? దానికి సమాధానం మా ప్రాంతం మీదుగానే నడిచి వెళ్ళింది. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంటు దగ్గర ఆధారరేఖ కొలిచి విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే, కన్యాకుమారి దిక్కు నుంచి ఉత్తరానికి ఒక మహాచాపంగా పెరుగుతూ 1815 ప్రాంతంలో బీదరు సమీపాన ఉన్న దామర్గిద్ద చేరింది. అర టన్ను బరువున్న థియోడొలైటు యంత్రాన్ని కూలీలు గుట్ట మీదికి ఎక్కిస్తే, ఆ గుట్ట నుంచి మరో గుట్ట మీది గుర్తును చూసి కోణం కొలిచేవారు. మూడు గుట్టలు ఒక త్రికోణం. ఒక భుజమూ, కోణాలూ తెలిస్తే తక్కిన భుజాలు లెక్కకు వస్తాయి. నడవకుండానే దూరం తెలుస్తుంది! లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్‌లో కన్ను మూశాడు. ఆయన శిష్యుడు జార్జి ఎవరెస్టు ఆ చాపాన్ని మధ్యభారతంలోని కల్యాణ్‌పూర్ మీదుగా హిమాలయాల దాకా తీసుకుపోయాడు. ఆ కల్యాణ్‌పూర్ రేఖాంశం 77 డిగ్రీల 39 నిమిషాలు. తాండూరుది సుమారు 77 డిగ్రీల 35 నిమిషాలు, వికారాబాదుది 77 డిగ్రీల 54 నిమిషాలు. అంటే హిమాలయ శిఖరాల ఎత్తులు తేల్చిన ఆ మహారేఖను కిందికి పొడిగిస్తే మా రెండు ఊళ్ళ మధ్య నుంచి, తాండూరుకు కొద్ది కిలోమీటర్ల తూర్పున పోతుంది. మా రైలు ప్రతిరోజూ దాన్ని దాటుతుంది. దాటుతున్నామని ఎవరికీ తెలియదు.

ఈ రేఖాంశాల తేడాలో మరొక ముచ్చట ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ లెక్కన సూర్యుడు వికారాబాదు నడినెత్తిని దాటిన సుమారు 76 సెకన్ల తరువాత తాండూరు నడినెత్తి మీదికి వస్తాడు. విమానానికి మూడు నిమిషాలైతే సూర్యుడికి ఒకటింబావు! గడియారాలు లేని కాలంలో ప్రతి ఊరికీ తన మధ్యాహ్నం తనకు ఉండేది. తాండూరు మధ్యాహ్నం వికారాబాదు మధ్యాహ్నం కన్న ఆలస్యమన్న సంగతి ఎవరికీ పట్టలేదు, పట్టవలసిన అవసరమూ లేదు. ఆ అవసరం రైలుతో వచ్చింది. ఒకే పట్టా మీద ఎదురెదురుగా బండ్లు నడపాలంటే అన్ని స్టేషన్లలోనూ ఒకే గడియారం ఉండాలి. అందుకని దేశంలోని రైళ్ళు చాలాకాలం మద్రాసు నక్షత్రశాల కాలాన్ని పాటించాయి. 1906లో నేటి భారత ప్రామాణిక కాలం వచ్చింది. ఇవాళ మా గడియారంలో పన్నెండయ్యేసరికి తాండూరు సూర్యుడు నడినెత్తికి రావడానికి ఇంకా ఇరవై నిమిషాల దాకా ఉంటుంది. మేము రోజూ ఇరవై నిమిషాలు అప్పు తెచ్చుకుని బతుకుతున్నామని చమత్కరించవచ్చు.

ఇక బండి దూరం. వెనకటివారు దూరాన్ని క్రోసులలో, ఆమడలలో చెప్పేవారు. నాలుగు క్రోసులు ఒక ఆమడ. నేటి లెక్కలో దాదాపు పదమూడు కిలోమీటర్లు. తాండూరు నుంచి వికారాబాదు మూడు ఆమడలు. ఎద్దులబండి గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు నడుస్తుంది. ఎద్దులకు మేత, నీళ్ళు, నీడ చూసుకోవాలి కనుక రోజుకు ఇరవై, ఇరవై ఐదు కిలోమీటర్లకు మించదు. కనుక ఇది రెండు రోజుల దారి, నడుమ ఒక రాత్రి మజిలీ. అందులోనూ పోయే దారి, వచ్చే దారి ఒకటి కావు. తాండూరు సముద్రమట్టానికి సుమారు 450 మీటర్ల ఎత్తున ఉంటే వికారాబాదు దాదాపు 640 మీటర్ల ఎత్తున ఉంది. నిండు బండితో తాండూరు నుంచి ఎక్కడం ఒక దూరం, వికారాబాదు నుంచి దిగడం మరొక దూరం. వికారాబాదు ఎర్రనేల, అనంతగిరి అడవి. కిందికి దిగే కొద్దీ నేల నల్లబడుతుంది; కంది చేలు మొదలవుతాయి; తాండూరు చేరేసరికి కాళ్ళ కింద పొరలు పొరలుగా సున్నపురాయి. తెలుగునాట ఎన్ని ఇళ్ళలో నేల మీద పరిచింది ఆ నాపరాయే! తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

ఈ రెండింటి నడుమ ఉన్న అనంతగిరి గుట్టలు ఒక నీటి సరిహద్దు కూడా. గుట్టల తూర్పున కురిసిన చినుకు మూసీగా మారి హైదరాబాదు మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటి వాలున కురిసిన చినుకు కాగ్నాలో చేరి, తాండూరును ఒరుసుకుని, కర్ణాటకలో భీమానదిలో కలిసి, దానితో పాటు రాయచూరు సీమలో కృష్ణను చేరుతుంది. ఒకే గుట్ట మీద జానెడు ఎడంగా పడిన రెండు చినుకులు మళ్ళీ కలుసుకోవాలంటే వందల కిలోమీటర్లు తిరిగి రావాలి. దూరమంటే ఏమిటో నీటిని చూసి నేర్చుకోవాలి.

ఇప్పుడు రైలు. బొంబాయి, మద్రాసులను కలిపే ప్రధాన రైలుమార్గం 1871 నాటికి నిజాం రాజ్యపు పడమటి అంచున వాడి, రాయచూరుల మీదుగా పూర్తయింది. వాడి నుంచి సికింద్రాబాదుకు ఒక శాఖ వేయాలని ఆంగ్లేయులు పట్టుబట్టారు. సికింద్రాబాదు దండు వారికి ముఖ్యం. అప్పటికి ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పసివాడు. దివాను మొదటి సాలార్‌జంగు. 1870లో మొదలైన పని 1874లో ముగిసింది. వ్యయం నిజాం రాజ్యానిది. ఆ దారిలో తాండూరూ, వికారాబాదూ రెండు మజిలీలయ్యాయి. వికారాబాదు పేరే పాయిగా అమీరు, తరువాత రాజ్యానికి దివానుగా ఉన్న నవాబు వికారుల్ ఉమ్రా పేరు మీదుగా వచ్చింది. ఫలక్‌నుమా భవనం కట్టించింది ఆయనే.

రెండు రోజుల బండి దారి రెండు గంటలకు తగ్గింది. కొత్త దూరం పట్టాల వెంట 41 కిలోమీటర్లు. గుట్టల వాలును ఒడుపుగా దిగడానికి పక్షి గీత కన్న ఐదు కిలోమీటర్లు ఎక్కువ. కానీ ఆ సౌకర్యం ఎవరికోసం పుట్టిందో మరవరాదు. పట్టాలు వేసింది తాండూరును వికారాబాదుతో కలపడానికి కాదు, దండును బొంబాయి రేవుతో కలపడానికి. దారిలో ఉన్నందుకు మాకూ దక్కింది. దాని ఖరీదు కూడా చిన్నది కాదు. 1883లో ఈ రైలును లండనులో స్థాపించిన కంపెనీకి అప్పగించారు. 'నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే' అన్న పేరులోని గ్యారంటీ అంటే, బండ్లు లాభాలు తెచ్చినా తేకపోయినా మదుపుదారులకు రాబడి రాజ్య ఖజానా నుంచి పూచీ అని అర్థం. చాందా దాకా రైలు వేసే ఆ ఒప్పందం వివరాలు ప్రజలకు తెలియాలని అడిగినవారిలో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయ ఒకరు. అడిగినందుకు ఆయనను 1883లో రాజ్యం నుంచి బహిష్కరించారు. హైదరాబాదు రాజ్యంలో ప్రజలు సర్కారును లెక్క అడిగిన తొలి సందర్భాలలో ఒకటి ఒక రైలుమార్గం గురించి కావడం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది.

రైలు తగ్గించిన దూరాన్ని కాగితం పెంచగలదు, తగ్గించగలదు. నిజాం కాలంలో తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. విచిత్రమేమంటే రైలు దారిన తాండూరు నుంచి గుల్బర్గా, సికింద్రాబాదు ఇంచుమించు సమాన దూరం. ఇటు కన్నడం, అటు తెలుగు, నడుమ ఉర్దూ, మరాఠీ మాటలు. మా ఊరి సంతలో ఈనాటికీ ఒకే వాక్యంలో మూడు భాషలు వినవచ్చు. 1956 నవంబరు 1న భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు గుల్బర్గా జిల్లా నుంచి తాండూరు, కొడంగలు తాలూకాలను విడదీసి ఆంధ్రప్రదేశులో కలిపారు. ఒక్క రాత్రిలో గుల్బర్గా పరాయి రాష్ట్రమైంది. హైదరాబాదు మాకు రాజధాని మాత్రమే కాక జిల్లా కేంద్రం కూడా అయింది. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడినా కార్యాలయాలు నగరంలోనే ఉండిపోయాయి. ఒక సంతకం కోసం మావాళ్ళు వందకు పైగా కిలోమీటర్లు వెళ్ళి, పని కాక మరునాటికి ఆగి, రైల్వే స్టేషనులో పడుకున్న రోజులున్నాయి. 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లా ఏర్పడింది. కొత్త పట్టా వేయలేదు, కొత్త ఇంజను రాలేదు. ఒక గెజిట్ ప్రకటనతో కలెక్టరు మాకు డెబ్బై కిలోమీటర్లు దగ్గరికి జరిగి వచ్చాడు. ఆనాడు నేనూ, మా అక్క కొడుకూ వికారాబాదు వెళ్ళగలిగింది అందువల్లనే.

నాకు తెలిసిన అన్నిటికన్న పెద్ద దూరం మాత్రం వేరే ఉన్నది.

1957లో మా తాతకు క్షయ వచ్చింది. అనంతగిరి కొండ మీద, నిజాం పాలన చివరి రోజుల నుంచి ఉన్న క్షయ ఆసుపత్రిలో చేర్చారు. చెట్ల గాలి, విశ్రాంతి, మంచి తిండి, సూదిమందు. ఇంట్లో ఉంటే పిల్లలకు అంటుకుంటుందన్న భయం. అప్పటికి మా నాయన ఎనిమిదేళ్ళవాడు, చిన్న మేనత్త చంకలో పిల్ల. తాత పదునాలుగు నెలలు కొండ మీద ఉన్నాడు. నాయనమ్మ పదిహేను రోజులకొకసారి తెల్లవారక ముందే లేచి జొన్నరొట్టెలు చేసి, తడిగుడ్డలో చుట్టి, పాసింజరు బండిలో రెండు గంటలు కూర్చుని వికారాబాదులో దిగి, ఐదారు కిలోమీటర్లు కొండెక్కి పోయేది. ఆమెకు గడియారం చూడటం రాదు. "రొట్టె ఇరగకుండ చేరితే బండి టైముకొచ్చినట్టు. ఇరిగితే ఆలస్యమైనట్టు" అనేది. జొన్నరొట్టె సంగతి తెలిసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. పొద్దుటి మెత్తదనం మధ్యాహ్నానికి ఉండదు. తాండూరు నుంచి అనంతగిరికి ఉన్న దూరానికి ఆమె కనిపెట్టిన కొలమానం అది. లాంబ్టన్ యంత్రం కన్న అది తక్కువ కచ్చితమైనదని నేననుకోను.

తాత నయమై తిరిగి వచ్చాడు, మరి ముప్పై ఏళ్ళు బతికాడు. కానీ వచ్చిన నాడు చిన్న మేనత్త ఆయనను గుర్తుపట్టలేదు. కొత్తవాడెవరో ఇంట్లోకి వచ్చాడని ఏడ్చి నాయనమ్మ కొంగులో ముఖం దాచుకున్నదట. ఈ సంగతి నాయనమ్మ చాలాసార్లు నవ్వుతూ చెప్పింది. తాత ఎన్నడూ చెప్పలేదు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆయన లేచి బయటికి పోయేవాడు.

చాలా ఏళ్ళ తరువాత ఒక వైద్య చరిత్ర చదువుతుండగా నాకు తెలిసిన విషయం ఇది. తాత కొండ ఎక్కడానికి ముందే, 1956లో, మద్రాసులో ఒక పరిశోధన మొదలైంది. క్షయ రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టును శానిటోరియంలో ఉంచి, రెండవ జట్టును వారి ఇరుకు ఇళ్ళలోనే ఉంచి, ఇద్దరికీ అవే మందులు ఇచ్చారు. 1959లో వెలువడిన ఫలితం ప్రపంచాన్నే ఆశ్చర్యపరిచింది. ఇంట్లో ఉండి మందులు వాడినవారికీ దాదాపు అంతే నయమైంది; ఇంట్లోవారికి అంటుకునే ప్రమాదం కూడా అందువల్ల పెరగలేదు. నయం చేసినది కొండగాలి కాదు, క్రమం తప్పని మందు. 1962లో జాతీయ క్షయ నివారణ కార్యక్రమం మొదలైనప్పుడు ఇంటి వద్ద చికిత్సే దానికి పునాది అయింది.

ఆ పుట చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మొదట కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. తరువాత నిదానించి ఆలోచించాను. ఎవరి తప్పూ లేదు. 1957లో తాతను కొండెక్కించినవారు ఆనాటికి తెలిసినదాని ప్రకారం మేలే చేశారు, ప్రాణం నిలిపారు. మద్రాసు నుంచి తాండూరుకు రైలు ఒక రోజులో వచ్చేది. ఆ పరిశోధనలో తేలిన సంగతి మాత్రం రావడానికి ఏళ్ళు పట్టింది. తెలివికి కూడా ప్రయాణకాలం ఉంటుంది. ఒక తండ్రికీ, చంకలోని బిడ్డకూ నడుమ ఉన్న మూడు ఆమడలను చివరికి చెరిపివేసినది ఇంజను కాదు, రెక్క కాదు. ఇంట్లో కూర్చుని మింగగలిగిన మాత్ర. మా తాత దాన్ని అందుకోవడానికి రెండు మూడేళ్ళు ముందు జబ్బుపడ్డాడు, అంతే.

మళ్ళీ ఆకాశంలోకి వెళ్దాము. మా నెత్తి మీదుగా విమానాలు పోవడం ఇవాళ్టి సంగతి కాదు. 1945లో నిజాం ప్రభుత్వమూ, టాటాలూ కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ స్థాపించారు. 1953లో జాతీయం చేసే దాకా దాని డకోటాలు బేగంపేట నుంచి ఎగిరాయి. 1948 వేసవిలో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి దొంగతనంగా ఆయుధాలు తెచ్చి బీదరు, వరంగల్లు రన్‌వేల మీద దించాడు. 2008 మార్చిలో బేగంపేట బదులు శంషాబాదు వచ్చింది. దాని అక్షాంశమూ, తాండూరు అక్షాంశమూ దాదాపు ఒక్కటే. అక్కడి నుంచి తిన్నగా పడమరకు తొంభై కిలోమీటర్లు వస్తే మా ఊరు. ఇన్ని విమానాలు పైన పోతున్నా మా జిల్లాలో దిగి, జనం గుమిగూడి చూసిన ఆకాశయానం ఒకటున్నది. 2022 డిసెంబరు 7న హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రం నుంచి ఎగురవేసిన ఒక పెద్ద బెలూను, స్పెయిను సంస్థకు చెందిన గూటిని దాదాపు 37 కిలోమీటర్ల ఎత్తుకు మోసుకుపోయి, నాలుగున్నర గంటల తరువాత మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో దించింది. ఊరివాళ్ళు వింత వస్తువేదో ఊడిపడిందని పరుగున వచ్చారు. తాండూరు నుంచి వికారాబాదుకు అడ్డంగా ఎంత దూరమో, అది నిలువుగా అంత ఎత్తు ఎక్కి దిగింది! మూడు నిమిషాల దూరానికి నాలుగున్నర గంటలు.

ఆకాశంలో ఇన్ని ముచ్చట్లున్నా మావాళ్ళు ప్రాణాలు అరచేత పట్టుకుని పోయేది నేల మీదనే. తాండూరు నుంచి హైదరాబాదుకు పోయే రోడ్డు చేవెళ్ళ మీదుగా, ముసలి మర్రిచెట్ల నీడలో సాగుతుంది. మన్నెగూడ దాకా దాన్ని వెడల్పు చేయాలన్న పని, ఆ వందలాది మర్రులను కాపాడాలన్న వాదంతో ఏళ్ళ తరబడి న్యాయస్థానంలో నలిగింది. 2025 నవంబరు 3 ఉదయం తాండూరు నుంచి నగరానికి పోతున్న ఆర్టీసీ బస్సును మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఢీకొన్నది. పదిహేను మందికి పైగా చనిపోయారు. సెలవుకు ఇంటికి వచ్చి తిరిగి కాలేజీకి పోతున్న పిల్లలు వారిలో ఉన్నారు. చెట్లు ఉండాలని కోరినవారూ, రోడ్డు పెరగాలని కోరినవారూ ఇద్దరూ జీవితాన్ని కోరినవారే. నేను ఆ రెండింటి మధ్య తీర్పరిని కాను. కానీ ఆ వారమంతా మా వీధిలో ఎవరూ "హైదరాబాదుకు ఎంత దూరం" అని అడగలేదు. "చేరినవా?" అని ఫోనులో అడిగారు. దూరం గురించి మనిషి అడిగే అసలు ప్రశ్న ఎప్పుడూ అదేనేమో.

ఇప్పుడు ఆ రెండు గంటల మాటకు వస్తాను. తాండూరులోనూ, వికారాబాదులోనూ విమానాశ్రయాలు కట్టి, రోజూ విమానం నడిపితే గుమ్మం నుంచి గుమ్మానికి రెండు గంటలని మొదట లెక్క తేలింది గదా. 1957లో మా నాయనమ్మ ఎక్కిన పాసింజరు బండికీ సరిగ్గా అంతే పట్టేది. నేటి ఎక్స్‌ప్రెస్సు బండికి ముప్పావు గంట చాలు. వేగం పెరిగిన ప్రతిసారీ దూరం తగ్గదు. కొన్ని దూరాలకు పట్టా కావాలి, కొన్నింటికి గెజిట్ కావాలి, కొన్నింటికి మాత్ర కావాలి, కొన్నింటికి రోడ్డు కావాలి. ఏది దేనికి కావాలో తెలియడమే పాలన.

ఆనాడు కలెక్టరు కార్యాలయంలో పని కాలేదు; మరొక కాగితం తెమ్మన్నారు. స్టేషనులో బల్ల మీద కూర్చుని మా అక్క కట్టిచ్చిన మూట విప్పాము. జొన్నరొట్టె, పచ్చిపులుసు. మావాడు రొట్టె తుంచబోతే టప్పున విరిగింది. వాడు నావైపు చూశాడు. నాయనమ్మ సంగతి వాడికి అప్పుడే చెప్పాను. అంతా విని కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మామా, మూడు నిమిషాలు అని తప్పు చెప్పినవ్" అన్నాడు.

అవును, తప్పే చెప్పాను.